చైనాలో కొట్టిన చెంపదెబ్బ

రచయిత అన్నవాడు చైనా గురించే రాయాలి. సొంత ఊరి గురించి రాసేవాడికి లోకజ్ఞానం తక్కువని నా దృఢమైన అభిప్రాయం.

ఎందుకంటారా? ఆదోనిలో ఫలానా వీధి, ఫలానా మీసాలాయన అని రాశారనుకోండి. ఆ మీసాలాయన మర్నాడు పొద్దున్నే మీ వాకిట్లో సైకిల్ స్టాండు వేస్తాడు. చైనావాడు అలా రాడు. వాడికి తెలుగు రాదు. మధ్యలో హిమాలయాలున్నాయి. బస్సు లేదు. రచయిత ప్రాణానికి ఇంతకన్నా ఏం భద్రత కావాలి?

ఈ సత్యం నాకు నేర్పింది ఫక్రుద్దీన్. ఆదోనిలో ఆయనకొక చిన్న ప్రెస్సుంది. పెళ్లి కార్డులు, సినిమా కరపత్రాలు వేయగా మిగిలిన తీరికలో ‘కొండవాణి’ అని వారపత్రిక వేసేవాడు. నేను పగలు పత్తి మిల్లులో గుమాస్తాను. సాయంత్రం ఆ పత్రికలో సంపాదకుణ్ణి, జ్యోతిష్కుణ్ణి, ‘శ్రీమతి సుగుణ’ పేరుతో వంటల శీర్షిక నడిపే ఇల్లాలిని. నా అసలు పేరు తిక్కయ్య. దాన్ని ఎక్కడా అచ్చు వేయవద్దని ఫక్రుద్దీన్‌ను నేనే కోరాను. ఆయన అచ్చు వేయలేదు. ఊరికంతా నోటితో చెప్పాడు.

డెబ్బై తొమ్మిదిలో మా ఊరి టాకీసులో ఒక కుంగ్‌ఫూ సినిమా ఆడింది. బొమ్మ ఎత్తేశాక కూడా చాలా రోజులు ఆదోని కుర్రకారు మామూలుగా నడవలేదు. గడప దాటాలన్నా ఎగిరే దాటారు. అది చూసి ఫక్రుద్దీన్‌కు ఆలోచన పుట్టింది.

“అరే తిక్కన్నా, మనమూ ఒక చైనా సీరియల్ ఏద్దాం. నువ్వు రాయి.”

“నేను చైనా యాడ సూసినా భాయ్?”

“సదివేటోళ్ళు సూసినారా?”

ఇంతకన్నా గట్టి సాహిత్య సిద్ధాంతం ఆ తర్వాత నేను ఎక్కడా వినలేదు.

కథ చెబుతాను. లీ చాంగ్ అనాథ కుర్రాడు. యాంగ్‌ట్సీ నది ఒడ్డున ఊరు. ఆ ఊరి దివాను చుంగ్ నడి సంతలో వాణ్ణి చెంపమీద కొడతాడు. లీ చాంగ్ కొండకెక్కి, గుహలో ముసలి గురువు దగ్గర తపస్సు చేసి, వెయ్యేళ్లకొకసారి కాసే పండు తిని, ఏనుగు బలంతో దిగి వచ్చి పగ తీర్చుకుంటాడు. ఇందులో నాకు తెలిసినది చెంపదెబ్బ ఒక్కటే. మిగతాదంతా ఆదోని చుట్టుపక్కల నుంచి సర్దుకున్నాను.

నా యాంగ్‌ట్సీ ఎండాకాలం వచ్చేసరికి తుంగభద్రలాగా ఇసుక తేలేది. నా చైనావాళ్లు జొన్నరొట్టె తిని మజ్జిగ తాగేవాళ్లు. రెండు కొండల గురుకులాల మధ్య యుద్ధం రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం చిక్కుల్లో పడ్డాను. నా జన్మలో నేను చూసిన యుద్ధం ఉగాది పోయాక కైరుప్పలలో జరిగే పిడకల యుద్ధం ఒక్కటే. అదే రాశాను. చైనా వీరులు ఒకరినొకరు పిడకలతో కొట్టుకున్నారు. పాఠకులు మెచ్చుకున్నారు. “అచ్చం కండ్ల ముందర జరిగినట్టుండాది” అన్నారు. ఉండదా మరి?

అయితే చైనావాళ్లు రారు కానీ పాఠకులు వస్తారన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

మొదట ఫక్రుద్దీన్ భార్య కరీమున్నీసా తిరగబడింది. పత్రిక కాగితాలు మడత పెట్టి కుట్టేది ఆవిడే. కట్టుకున్న పిల్లను మరిచి లీ చాంగ్ తామర కొలను దగ్గర ఇంకో సుందరిని చూసి మనసు పారేసుకున్న వారం ఆవిడ కాగితాల కట్టను పక్కకు నెట్టేసింది.

“పెండ్లాముండంగ ఇంగో పిల్లను సూసేటోని కత నేను మడత పెట్టను. వానికి బుద్ధి సెప్పు, లేదంటే నువ్వే కుట్టుకో అన్నా.”

సాహిత్య స్వేచ్ఛ గురించి ఆవిడకు వివరించాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ విన్నది. ఆ సాయంత్రమే సుందరిని బౌద్ధ మఠంలో సన్యాసినిగా చేర్పించాను.

తర్వాత ముసలి గురువును చంపాను. ఆయన బతికి ఉంటే కథ గుహ దాటి బయటికి రావడం లేదు. ఆయన పోయిన వారం ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ల వీధి వీధంతా మగ్గాలు ఆపేసింది. ఆ వీధిలో ఉరుకుందమ్మ అని ఒకావిడ ఉంది. పత్రిక రాగానే నూలు కండెలు చుట్టే పని పక్కన పెట్టి, నేత షెడ్డు మధ్యలో కూర్చుని గట్టిగా చదివేది. మగ్గం గుంతల్లో కూర్చుని నేసేవాళ్లు చెయ్యి ఆపి వినేవాళ్లు. ఆవిడ బస్సెక్కి ఆదోని వచ్చి, ప్రెస్సు గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది.

“అంత మంచాయప్పను సంపనీకి నీకు చెయ్యెట్లా ఆడిందప్పా?”

మరుసటి వారం గురువు చనిపోలేదని, ప్రాణాయామంలో ఊపిరి బిగబట్టాడని తేలింది.

కానీ పాఠకులకు అన్నిటికన్నా నచ్చింది చెంపదెబ్బ. కొండ దిగిన లీ చాంగ్ మొదటిసారి ఒక జమీందారు కొడుకును కొట్టగానే పత్రిక మధ్యాహ్నానికల్లా అయిపోయింది. అప్పటి నుంచి వారానికొక దెబ్బ ఉండాల్సిందే. లేని వారం క్షవరం షాపులో నా గడ్డం సగంలో ఆపి, “ఈ వారం ఎవర్నీ కొట్టలేదేందన్నా?” అని అడిగేవాళ్లు. కత్తి గొంతు మీద ఉన్నప్పుడు వచ్చే విమర్శను నేను ఎన్నడూ తోసిపుచ్చలేదు.

అలాంటి రోజుల్లో ఉరుకుందమ్మ తమ్ముడు ఈరప్ప వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ప్రెస్సులో బెంచీ చూపించినా కూర్చోలేదు.

“అన్నా, దివాను ఆ పిల్లోన్ని కొట్టినప్పుడు సుట్టూ జనం ఉండారని రాసినావే. వాళ్ళేమీ అనలేదా?”

“లేదప్పా.”

“మా ఊర్లోనూ అంతేన్నా.”

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. నూలు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి మాదన్న వాణ్ణి బజార్లో కొట్టాడు. చీర అంచు రంగు తప్పిందని. ఆ రంగు నూలు ఇచ్చింది మాదన్నే. చుట్టూ తెలిసినవాళ్లంతా ఉన్నారు. వాళ్లందరికీ నూలు ఇచ్చేది కూడా ఆయనే.

“తిరిగి కొడితే రేపటి నుంచి మగ్గం ఆగిపోతాది. ఇంట్లో ముసలోళ్ళుండారు. నేను కొట్టలేనన్నా. లీ చాంగ్‌తో కొట్టించు.”

ఇలాంటి కోరిక ఏ రచయితకు దక్కుతుంది చెప్పండి? నా ఒళ్లు పొంగిపోయింది. మాదన్న ఎలా ఉంటాడో అడిగి తెలుసుకున్నాను. నీడలో కూడా గొడుగు దించడు. చేతిలో వెండి వక్కపొడి డబ్బీ. మాట మాటకూ “అర్థమాయెనా లేదా?” అంటాడు. అన్నీ తెచ్చి దివాను చుంగ్‌కు తగిలించాను. చైనా సంతలో, గొడుగు కింద, వక్కపొడి నములుతూ నిలబడిన దివానును లీ చాంగ్ ఒక్కటి కొట్టాడు. డబ్బీ దొర్లుకుంటూ పోయింది. ఎమ్మిగనూరులో ఆ వారం విననివాడు లేడు. షెడ్డులో నవ్వులే నవ్వులు. “దెబ్బ బాగా పడిందన్నా” అని ఈరప్ప కబురు పంపాడు. నేను అద్దంలో చూసుకుంటే లీ చాంగ్‌లాగే కనిపించాను.

నాలుగు రోజులకు ప్రెస్సు ముందు ఒక గొడుగు ఆగింది.

నేను టైపు అరల వెనక్కి వెళ్లాను. భయపడి కాదు. అక్కడ పనుంది.

“చైనా సీరియల్ రాసేటాయప్ప యాడుండాడు?” అని అడిగాడు మాదన్న. ఫక్రుద్దీన్ నాకు ప్రాణస్నేహితుడు కనుక వెంటనే నా వైపు వేలు చూపించాడు.

మాదన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“శానా బాగా రాసినావప్పా. ఆ దివానుండాడే, అచ్చం అట్లాంటోడు మీ ఆదోనిలో ఒకడుండాడు. నూలుకని పోతే నన్ను వాకిట్లో నిలబెడతాడు. వాన్ని సూసే రాసినావు గదా? అర్థమాయెనా లేదా?”

“అర్థమైందన్నా.”

“ఒక్కటితో ఇడిసిపెట్టినావేంది మరి? ఇంగో రెండు తగిలించు. శుక్రవారం మా షెడ్డుకు రా. అందరి ముందర నీకు సన్మానం సేస్తా.”

దసరా సంచికకు పేజీ నిండా ప్రకటన ఇస్తానని ఫక్రుద్దీన్‌కు మాటిచ్చి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ‘కొండవాణి’ చదివేవాళ్లందరూ లీ చాంగులే. మా మిల్లు మేనేజరు చదివి, దివాను అంటే కార్మిక సంఘం నాయకుడన్నాడు. కార్మిక సంఘం నాయకుడు చదివి, మేనేజరన్నాడు. ఫక్రుద్దీన్ లెక్కలో కాగితం సరఫరా చేసే వ్యాపారి. ఏడాదిగా వారం వారం చెంపదెబ్బలు కొడుతున్నాను. ఒక్క చెంపా ఎర్రబడలేదు.

శుక్రవారం ఎమ్మిగనూరు వెళ్లాను. బస్సు దిగగానే ఈరప్ప ఎదురొచ్చాడు. మాదన్న మెచ్చుకున్న సంగతి అప్పటికే వాడికి తెలుసు.

“మరి ఆ దెబ్బ ఎవరికి తగిలిందన్నా?” అని అడిగాడు.

సన్మానానికి ఆలస్యమవుతోందని చెప్పి ముందుకు నడిచాను.

షెడ్డులో మాదన్న పక్కన నాకు కుర్చీ వేశారు. ఆయన మగ్గాల మీద నేసిన దుప్పటి కప్పారు. నేతగాళ్లు కొందరు నేల మీద, కొందరు మగ్గం గుంతల్లోనే కూర్చున్నారు. కొత్త భాగం చదవమని మాదన్న ఉరుకుందమ్మకు చెప్పాడు. ఆయన కోరిన రెండు దెబ్బలూ అందులో ఉన్నాయి. ఆమె చదువుతుంటే ఆయన తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. మిగతావాళ్లు ఆయన వైపు చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు.

ఉరుకుందమ్మ చదవడం ఆపింది.

“సావుకారీ, ఈ చైనా పేర్లు నాకు నోరు తిరగడంలే. మనూరి పేర్లు పెట్టుకొని సదువుకుంటా.”

“సదువుకోమ్మా. నీ ఇష్టం.”

ఆమె పేజీ వెనక్కి తిప్పి మొదటి నుంచి మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “ఎమ్మిగనూరు బజార్లో మాదన్న గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఈరప్ప చీర తీసుకొని వచ్చినాడు. ఆ రంగు నూలు ఇచ్చింది తానేనని మాదన్నకు తెలుసు. అయినా అందరి ముందర ఈరప్ప చెంపమీద కొట్టినాడు.”

గొడుగు తప్ప అందులో ఏదీ నేను రాయలేదు.

మాదన్న నవ్వు ఉన్నచోటనే నిలిచిపోయింది. ఆయన తన చేతిలోని వక్కపొడి డబ్బీని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

“ఏమప్పా, నన్నా నువ్వు రాసింది?”

ఇదీ నా జీవితంలో అసలైన ఘట్టం. షెడ్డంతా నా వైపు తిరిగింది. భుజాన దుప్పటి ఉంది. లీ చాంగ్‌ను సృష్టించిన చేయి ఒళ్లో ఉంది.

“లేదన్నా,” అన్నాను. “చైనావాణ్ణి.”

ఈరప్ప లేచి నిలబడ్డాడు.

“నన్ను కొట్టినావు సావుకారీ. ఇది కత కాదు. ఈడ ఉండేటోళ్ళందరూ సూసినారు.”

 మూలన కూర్చున్న ఎల్లప్ప అనే ముసలి నేతగాడు తలవంచుకునే, “నేను సూసినా,” అన్నాడు. వెనకనుంచి ఇంకెవరో, “నేనూ సూసినా,” అన్నారు. అలా ఒకరి తర్వాత ఒకరు, మగ్గం గుంతల్లోంచి, తలుపు దగ్గర్నుంచి, అదే మాట. ఎవరూ గొంతు పెంచలేదు. బజార్లో ఆ రోజు మింగేసిన మాటను ఇప్పుడు తీసి ముందు పెట్టారంతే.

మాదన్న లేవబోయాడు, మళ్లీ కూర్చున్నాడు. అంతమంది చేత ఒకేసారి మగ్గం ఆపించి ఆయన చీరలెక్కడ నేయించుకుంటాడు? ఆ లెక్క ఆయనకు నాకన్నా ముందే తట్టినట్టుంది. లేదా నిజంగానే సిగ్గుపడ్డాడో. మనుషుల లోపల ఏముంటుందో చైనాలోనైతే ఖచ్చితంగా చెప్పగలను.

“నూలు నేనిచ్చిందే ఈరప్పా,” అన్నాడు ఆయన నేలను చూస్తూ. “చెయ్యి తొందరపడింది. తప్పు నాదే.”

చెప్పి వెళ్లిపోయాడు. ఈరప్ప తన మగ్గం గుంతలోకి దిగి కూర్చుని, మోచేతిలో మొహం దాచుకున్నాడు. అక్క వెళ్లి వాడి వీపు మీద చెయ్యి వేసింది.

నూలు ఆగలేదు. దసరా ప్రకటన మాత్రం రాలేదు. ఆదోనిలో నన్ను పెద్ద ధైర్యశాలి అన్నారు. సావుకారిని నిండు సభలో నిలదీసిన రచయిత అన్నారు. నేను కాదనలేదు. కాదంటే మళ్లీ మొదటి నుంచి చెప్పుకు రావాలి.

సన్మానం జరిగిన సాయంత్రం బస్టాండు దాకా ఉరుకుందమ్మ తోడొచ్చింది. దారిలో అడిగింది.

“ఆయప్ప పేరు నీకు తెలుసు గదా. ఎందుకు రాయలే?”

“సాహిత్యంలో ప్రతీక అని ఒకటుంటుందమ్మా.”

“అంటే భయమా?”

“దాదాపు అదే.”

ఆమె తల ఊపింది. ఎగతాళి చేయలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. బస్సు వచ్చి ఆగింది.

“లీ చాంగ్ పని అయిపోయినట్టే గదా. ఇంగ ఏం రాస్తావు?”

“జపాన్ సీరియల్ రాయాలని ఉందమ్మా.”

“రాయప్పా,” అంది ఉరుకుందమ్మ. “పేర్లు నేను మార్చుకుంటాలే.”