ముగ్గురి చేతి మాత్ర

ఆ రోజు పొద్దున్న త్రినాధరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీయించుకోవాలి, ఆ మీదట ఆటో ఎక్కి పొలానికి వెళ్లి చెరకు ఎలా ఉందో చూసి రావాలి. అంతే. భార్య పోయిన తరవాత అతను తనంతట తాను ఏదైనా చేద్దామనుకోవడం ఇదే మొదలు. పెద్దకార్యం అయిపోయినా పెరిగిన గడ్డం పెరిగినట్టే ఉంది. గీయించుకోమని ఇన్నేళ్లూ పోరు పెట్టిన మనిషి లేదు మరి. పోరు పెట్టేవాళ్లు లేకపోతే మగవాడి మొహం ఎంత తొందరగా పాడుబడిపోతుందో అద్దంలో చూసుకుని, ఎవరికీ చెప్పకుండా కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు.

గవరపాలెం సందులో తాతబ్బాయి సెలూను. తాతబ్బాయి చెయ్యి తప్పు చేసే చెయ్యి కాదు. కానీ ఆ వేళ నురగ రాసి, కత్తి పట్టుకుని, అద్దంలో త్రినాధరావు మొహం చూసేసరికి అతనికి దుఃఖం ఆగలేదు. "అత్త పోయిన కాణ్ణుంచి నిన్ను సూడలేకపోతన్నాను మామా" అంటూ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. కళ్లు తుడుచుకుంటున్న మనిషి కత్తి పక్కన పెట్టాలన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. దవడ కింద చీమ కుట్టినంత గాటు పడింది.

పటిక రాశాడు, ఆగలేదు. పసుపు అద్దాడు, పసుపు ఎర్రబడింది. పక్క టీకొట్టు వాడు పరిగెత్తుకొచ్చి గుప్పెడు కాఫీపొడి వేసి నొక్కాడు. కాఫీపొడిని తోసుకుని మరీ కారింది రక్తం. తెల్ల కండువా సగం తడిసేసరికి తాతబ్బాయి మొహంలో అసలు రక్తమే లేకుండా పోయింది. సగం గీసిన గడ్డంతోనే త్రినాధరావుని ఆటోలో కూలేసి, బంగారయ్య డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

ఆటో కన్నా కబురు ముందు పోయింది. టీకొట్టు దగ్గర బయల్దేరినప్పుడు అది "సెలూన్లో గొంతు తెగింది" అని మాత్రమే ఉంది. బెల్లం మార్కెట్ దాటేసరికి "ఎవరో గొంతు కోసేశారు" అయింది. ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి, పెళ్లాం పోయిన బెంగతో త్రినాధరావు గొంతు కోసుకున్నాడని తేలింది. మొదటి రెండు మాటలూ చెబితే ఇంట్లోవాళ్లు నమ్మేవారు కాదేమో. మూడోది మాత్రం వెంటనే నమ్మేశారు. వాళ్లు భయపడుతున్నది అదే.

ఆ భయానికి మూలం త్రినాధరావు అక్క నూకరత్నం. ఎస్. రాయవరం నుంచి చావు కబురు విని వచ్చిన మనిషి, వచ్చిన రోజునే ఇంట్లో ఒక శాసనం చేసింది. తమ్ముడి చెవిన పడేలా ఇంట్లో ఎక్కడా ఎవరూ పోయిన మరదలు అప్పలనర్సమ్మ పేరెత్తకూడదు. పేరు వింటే వాడు పిచ్చివాడైపోతాడు, ఏమైనా చేసుకుంటాడు. అంతే, ఇల్లంతా నాలుక కరుచుకుని బతకడం మొదలెట్టింది. కోడలు ధనశ్రీ ఆవకాయ వడ్డిస్తూ, అది ఎవరి చేతి ఆవకాయో చెప్పాల్సి వస్తుందని భయపడి గబగబా చారు పోసేసేది. బీరువా తాళంచెవి ఆవిడ ఎక్కడ పెట్టేదో అడగలేక, ఏకంగా తాళమే బద్దలుకొట్టించారు. త్రినాధరావుకి ఆ పేరు వినాలనే ఉండేది. ఎవరైనా ఒక్కసారి అంటే తనూ అందామని చూసేవాడు. ఎవరూ అనలేదు. వీళ్లంతా అప్పుడే మరిచిపోయారు కాబోలనుకుని, అతను కూడా నోరు మూసుకుని కూర్చునేవాడు.

బంగారయ్య పెద్ద చదువుల స్పెషలిస్టు కాదు. జ్వరానికీ దగ్గుకీ చూసే మామూలు డాక్టరు. కానీ త్రినాధరావు గుండెలో వాల్వు మార్చిన దగ్గర్నుంచీ ఆ రక్తం మంచీ చెడ్డా చూస్తున్నది ఆయనే. వాల్వు దగ్గర రక్తం గడ్డ కట్టకుండా రోజూ సాయంత్రం ఒక్క మాత్ర వెయ్యాలి. తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం పలచబడిపోయి కారడం మొదలెడితే ఆగదు. ఆ మాత్రతో సంసారం అలాంటిది. డాక్టరు గాటు మీద గట్టిగా నొక్కి పట్టుకుని, చొక్కా విప్పించి చూశాడు. చేతుల మీదా, పక్కటెముకల మీదా ఎక్కడికక్కడ కమిలిన మచ్చలు. చిగుళ్ల వెంట నెత్తురు.

"రోజుకి ఎన్ని వేసుకుంటున్నావయ్యా?" అన్నాడు.

త్రినాధరావు జవాబు చెప్పే లోపలే తలుపు తోసుకుని ఇంటి ఆడవాళ్లు ముగ్గురూ వచ్చిపడ్డారు. ముందు నూకరత్నం, వెనక కూతురు బిందుమాధవి, చెప్పుల్లేకుండా ధనశ్రీ. బిందుమాధవి నక్కపల్లిలో కాపురాన్ని అత్తగారి మీద వదిలేసి, తండ్రి కోసం ఇక్కడే ఉండిపోయింది.

"ఎంత పని సేసేవురా తమ్ముడా" అని నూకరత్నం అతని మీద పడి ఏడ్చింది.

"ఏటి సేసేనే అప్పా? గెడ్డం గీయించుకుందారని ఎల్లేను."

దీన్ని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. తాతబ్బాయి కత్తి తెచ్చి చూపిస్తానన్నాడు, అక్కర్లేదని డాక్టరు అతన్ని బయటికి పంపేశాడు. ఏడుపులు కాస్త సద్దుమణిగాక, ఇంట్లో ఈయనకి మాత్ర ఎవరిస్తున్నారని అడిగాడు.

"నానే" అన్నారు ముగ్గురూ.

అన్న తరవాత ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

సంగతి మెల్లగా బయటికి వచ్చింది. మరదలు పోయింది కనక తమ్ముడికి మాత్ర వేసే భారం తనదేననుకుని, నూకరత్నం ట్రంకుపెట్టెలో దొరికిన మాత్రల అట్ట తీసి, దీపాలు పెట్టే వేళకి ఒకటి ఇచ్చేది. ధనశ్రీ వంటింటి గూట్లో ఉన్న అట్టలోంచి భోజనం కాగానే ఒకటి ఇచ్చేది. బిందుమాధవి మందుల షాపులో కొనుక్కొచ్చి, పడుకోబోయే ముందు పాలతో ఇచ్చేది. ఒకరికొకరు చెప్పుకుందామంటే, మాత్ర మాటెత్తగానే ఇన్నేళ్లూ అది ఇచ్చిన మనిషి పేరెత్తాలి. పేరెత్తకూడదు కదా. అందుకని ఎవరికి వాళ్లు, మిగతావాళ్ల కంటపడకుండా, దొంగల్లాగా ఆయన్ని బతికించుకుంటూ వచ్చారు.

డాక్టరు త్రినాధరావు వైపు తిరిగాడు. "వాళ్లకి తెలీదు సరే. నీకు తెలుసు కదా, మూడు మింగుతున్నానని?"



"తెలుసు బాబూ. మాత్ర ఇచ్చినోల్లు నీల్ల గలాసు సేతికిచ్చి, మింగేదాకా ఎదరే నిలబడతారు. అప్పలనర్సమ్మా అలాగే నిలబడేది. వద్దంటే ఎల్లిపోతారు గదా."

ఆ ఇంట్లోవాళ్లు అన్నాళ్ల తరవాత ఆ పేరు విన్నారు. పిచ్చివాడైపోతాడనుకున్నవాడు ఒంటి మీద చొక్కా లేకుండా నిబ్బరంగానే కూర్చున్నాడు. శాసనం చేసిన నూకరత్నమే గోడకి ఆనుకుని, "నా మరదలు అప్పలనర్సమ్మా" అంటూ భోరుమంది.

విశాఖ పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, రక్తం దారికి వచ్చాక ఇంటికి పంపారు. బంగారయ్య మాత్ర మళ్లీ మొదలెట్టించి, ఈసారి ఒక్కరే ఇవ్వండని ముగ్గురికీ చేతులు జోడించి చెప్పాడు. ఆ ఒక్కరూ ఎవరో చెప్పడం మరిచిపోయాడు.

నూకరత్నానికి తమ్ముణ్ణి తన చేత్తోనే చంపబోయానన్న సిగ్గు పట్టుకుంది. ధనశ్రీకి అప్పగించాననుకుని ఎస్. రాయవరం వెళ్లిపోయింది. బిందుమాధవి, మేనత్త వెళ్తూ వెళ్తూ వదినకి చెప్పే ఉంటుందనుకుని నక్కపల్లి బస్సెక్కింది. ధనశ్రీ ఆ అట్ట ముట్టుకోవడమే మానేసింది. కొడుకు కనక మొగుడే ఇచ్చుకుంటున్నాడనుకుంది. మొగుడు తారక్, ఆడవాళ్లు చూసుకునే పని కదా అనుకున్నాడు. త్రినాధరావు రోజూ భోజనం చేసి, మంచం మీద కూర్చుని, ఎదురుచూసేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. తన వల్ల అంత గొడవ జరిగాక, మాత్ర ఇవ్వండని ఏ నోటితో అడుగుతాడు?

మళ్లీ రక్తం పరీక్ష చేసినప్పుడు బంగారయ్య ఆ కాయితం చూసి కళ్లజోడు తీసేశాడు.

"అప్పుడు రక్తం నీళ్లలా ఉంది, ఇప్పుడు మాత్రే పడనట్టుంది. ఇలాగే వదిలేస్తే వాల్వు దగ్గర గడ్డ కట్టి, కాలో చెయ్యో పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఎవరిస్తున్నారు?"

"ఎవులూ ఇవ్వట్లేదు బాబూ."

"నువ్వు వేసుకోవచ్చు కదా?"

 వాల్వు వేసిన తరవాత ఏ ఒక్క రోజూ అతను ఆ మాత్రని తన చేత్తో తీసుకోలేదు. తీసుకున్నాడంటే ఇచ్చే మనిషి ఇక రాదని ఒప్పుకున్నట్టే.

డాక్టరు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తరవాత మెల్లగా, "ఆవిడ అన్నేళ్లు అంత జాగ్రత్తగా ఇచ్చింది, నువ్వు ఇలా పోవాలనా?" అన్నాడు.

ఆ సాయంత్రం త్రినాధరావు వంటింటి గూట్లోంచి అట్ట తీసి, ఒక మాత్ర అరచేతిలో వేసుకున్నాడు. గ్లాసులో నీళ్లు తనే పోసుకున్నాడు. మింగేదాకా ఎవరో ఒకరు నిలబడాలి కనక తనే లేచి నిలబడ్డాడు. "ఏసుకుంటన్నానే అప్పలనర్సమ్మా" అన్నాడు, పైకే. మాత్ర దిగింది.

కాసేపటికి ఎస్. రాయవరం నుంచి అక్క ఫోను చేసి, మాత్ర వేసుకున్నావా అని అడిగింది. ఆ వెంటనే నక్కపల్లి నుంచి కూతురు అడిగింది. ధనశ్రీ వంటింట్లోంచి తొంగిచూసి అడిగింది. ముగ్గురికీ వేసుకున్నాననే చెప్పాడు, ముగ్గురికీ కలిపి ఒకటే.