గుమ్మం లేని డబ్బా

ఆ ఆదివారం అల్లుడి పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, భార్యతో వెళ్ళి కిటికీలకు పరదాలు కొనడం, తిరిగొచ్చి ఆ పరదాల చాటున నిద్రపోవడం. గ్లాసు పెదవులదాకా వచ్చింది. దాని వెనకే ఫోను పట్టుకుని మామగారూ వచ్చారు.

"అల్లుడూ, గుర్రం కదలట్లేదయ్యా!"

గుర్రం చదరంగంలోది. వేరే ఊళ్ళో ఉన్న తన తోడల్లుడితో ఆయన ఎండాకాలం నుంచీ ఆడుతున్న ఆట. పెళ్ళయిన నాటి నుంచి ఆ తోడల్లుడి మీద మామగారు ఒక్క ఆటా గెలవలేదు. ఈసారి గుర్రం ఒక్క దూకు దూకితే గెలుపు తనదేనని ఆయన లెక్క. ఆ ఆట ప్రోగ్రాము రాసిచ్చింది అల్లుడే. దాన్ని కంటైనర్‌లో, అంటే కంప్యూటర్ లోపల మూతపెట్టిన డబ్బాలాంటి దానిలో, నడుపుతున్నాడు. "ఇంత తేలికైన డబ్బా మా ఆఫీసులోనే లేదు" అని ఇంటిల్లిపాదికీ డబ్బా కొట్టుకున్నాడు కూడా.

"డబ్బా ఆపి మళ్ళీ నడిపితే సరి, మామయ్యా."

"మరి ఆట?"

"ఆట... పోతుంది." ఆటను భద్రం చేసే ఏర్పాటు వచ్చే వారం రాద్దామని ఎండాకాలం నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

"అది పోతే నేనూ పోతాను" అని మామగారు కుర్చీ లాక్కుని పక్కనే కూలబడ్డారు.

కాబట్టి డబ్బా ఆగకుండానే లోపలికి దూరాలి. అందుకు మన ఆజ్ఞలు అందుకునే షెల్ అనే గుమ్మం కావాలి. అల్లుడు కంప్యూటర్ తెరిచి బాష్ అనే షెల్‌ను పిలిచాడు. లేదంది. ఎస్‌హెచ్ అనే బుల్లి షెల్‌ను పిలిచాడు. అదీ లేదంది.

"ఏమంటోందయ్యా?"

"బాష్ లేదంటోంది, మామయ్యా."

"భాష లేకపోతే సైగ చెయ్యి!"

అప్పుడు గుర్తొచ్చింది. బరువు తగ్గించే మోజులో షెల్లులన్నీ పీకి పారేసింది తనే. గుమ్మం పెట్టకుండా ఇల్లు కట్టిన మేస్త్రీ, తాళంచెవి కోసం జేబులు తడుముకుంటున్నాడన్నమాట. షెల్లు లేని చోట అల్లుడి మాట చెల్లలేదు. కంటైనరు కంట్లో నలుసైంది.

తప్పు నెట్‌దేమోనని రౌటర్ ఆపి మళ్ళీ వేశాడు. దాంతో తోడల్లుడి తెర మీద 'ఎదుటి ఆటగాడు వెళ్ళిపోయాడు' అని పడింది. వెంటనే ఫోను మోగింది.

"ఏం అన్నయ్యా, పారిపోతున్నావా?"

"నేనా పారిపోయేది? మా అల్లుడు గుర్రానికి నాడాలు కొడుతున్నాడు. కాసుకో!"

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. అల్లుడు ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేశాడు. "షెల్లెందుకురా? అటాచ్ కొట్టు. నడుస్తున్న ప్రోగ్రాముకే అతుక్కుపోతావు" అన్నాడు వాడు, ఆవులిస్తూ. కొట్టాడు. అతుక్కున్నాడు. తెర మీద ఒక గీత మిణుకుమిణుకుమంటోంది. ఏం నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"లోపలికెళ్ళావా?"

"వెళ్ళాను, మామయ్యా."

"ఏముంది?"

"చీకటి."

భార్య చెప్పులేసుకుని వీధి గుమ్మంలోంచి కేకేసింది. "ఏమండీ, బయటికొస్తారా, రారా?"

"వస్తున్నా" అంటూ అలవాటు కొద్దీ, నడిచే పనిని ఆపే కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కాడు. ప్రోగ్రాముకే అతుక్కున్నవాడు అలా నొక్కితే, బయటికొచ్చేది మనిషి కాదు, ప్రోగ్రాము ప్రాణం. డబ్బా చచ్చింది. మరుక్షణం దానంతటదే లేచి కొత్త ఆట పరిచింది. బంట్లన్నీ ఏ పాపం ఎరగనట్టు వరసలో నిలబడ్డాయి.

అల్లుడికి మామగారి మొహం చూసే ధైర్యం లేదు. "నా గొప్ప కోసం మీ ఆట పాడుచేశాను, మామయ్యా" అన్నాడు మెల్లగా.

మళ్ళీ ఫోను. ఈసారి తోడల్లుడు ఏడుపు గొంతుతో. "ఇదేం అన్యాయం అన్నయ్యా! నిన్న సాయంత్రం ఏనుగుతో చెక్ పెట్టాను. నీ రాజు ఎటు జరిగినా తర్వాతి ఎత్తుకి ఆటకట్టే! ఇప్పుడు చూస్తే మళ్ళీ మొదటికొచ్చింది!"

"ఏనుగా? ఏ ఏనుగు?"

కూతురు లోపలికొచ్చి తండ్రి ఫోను అందుకుంది. "కళ్ళజోడు పెట్టుకోకుండా బొమ్మ పెద్దది చేసుకున్నావా నాన్నా?" అంటూ వేలితో పక్కకి జరిపింది. ఎండాకాలం నుంచీ తెర అవతల నిలబడ్డ అంచు గడులు, వాటితోపాటు కొత్త ఆటలోని ఒక ఏనుగు, తాపీగా లోపలికొచ్చాయి. నిన్న చెక్ పెట్టిన ఏనుగు నిలబడ్డదీ ఆ అంచులోనే. రాజుకు చెక్ ఉంటే దాన్ని అడ్డుకోలేని గుర్రం ఎలా కదులుతుంది? డబ్బాలో ఏ లోపమూ లేదు. అల్లుడు డబ్బాలోకి దూరే బదులు ఫోనులోకి ఒక్కసారి తొంగి చూసుంటే సరిపోయేది.

మామగారు గొంతు సవరించుకున్నారు. "సాంకేతిక లోపం, తమ్ముడూ. ఎవరి తప్పూ కాదు. ఆట సమం" అని ఫోను పెట్టేశారు. చల్లారిన గ్లాసు తనే తీసుకెళ్ళి, కాఫీ వేడిచేసి తెచ్చి అల్లుడి చేతికిచ్చారు. ఆపైన కూతురికి వినబడకుండా అతని చెవి దగ్గరికి వంగారు.

"ఆ రెండు మీటలేవో నాక్కూడా చూపించి పెట్టు, నాయనా."