పిడిగుద్దుల మూల్యాంకనం

ఒక సమాజం ఎంత నాగరికమో తెలియాలంటే అక్కడ తప్పు చేసినవారిని ఏం చేస్తారో చూడాలి. తార్నాకను ఆనుకుని ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో తప్పు చేసినవారి మీద కమిటీ వేస్తారు. (తప్పు చేయనివారి మీద కూడా కమిటీ ఉంటుంది. అందులో తప్పు చేసినవారు సభ్యులు.) అటువంటి చోట ఒక బాక్సింగ్ న్యాయనిర్ణేత చేత ఆయన తీర్పుకు జవాబు చెప్పించాలని సంకల్పించడం, చెప్పించడం కూడా జరిగిపోవడం క్రీడాచరిత్రలో మామూలు విషయం కాదు. దీనికంతటికీ కారణమైన నిరోషకు మాత్రం చరిత్రతో పని లేదు. ఆమెకు కావలసింది జట్టులో చోటు.

నిరోష జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, వారాసిగూడలో మేనమామ ఇంట్లో ఉంటూ ఎం.ఏ. చదువుతోంది. తెల్లారకముందే క్యాంపస్‌కు వచ్చి కోచ్ భూపాల్ దగ్గర బాక్సింగ్ నేర్చుకుంటుంది. కాలేజీల మధ్య పోటీలో గెలిచినవారు విశ్వవిద్యాలయం జట్టులో చేరతారు. జట్టుతో బయటి రాష్ట్రంలో జరిగే పోటీలకు వెళ్ళివస్తే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి పడుతుంది. ఎస్సై కావాలన్నదే ఆ పిల్ల పంతం.

ఫైనల్లో ఆమెకు ఎదురైంది నల్లకుంట అమ్మాయి హారిక. హారిక కాళ్ళు నేలకు ఆనవు, చేతులు ఊరికే ఉండవు. మూడు రౌండ్లలో ఆ చేతుల దెబ్బలు నిరోషకు తగిలింది తక్కువ, క్యాంపస్ గాలికి తగిలింది ఎక్కువ. నిరోష ఆచితూచి కొట్టింది, కొట్టినప్పుడల్లా తగిలింది. హారిక రెండుసార్లు కిందపడింది, రిఫరీ అంకెలు లెక్కపెడుతుంటే లేచింది. ఆఖరి గంట మోగాక తనే వచ్చి నిరోషను కావలించుకుని, "నువ్వే గెల్చినవ్ తియ్" అంది.

అంత తొందరపడకూడదు. న్యాయనిర్ణేతలు అయిదుగురున్నారు. (పరీక్ష హాలు డ్యూటీ లాగే బాక్సింగ్ డ్యూటీ కూడా అధ్యాపకులకు సీనియారిటీ ప్రకారం పడుతుంది.) ఇద్దరు నిరోష అన్నారు, ఇద్దరు హారిక అన్నారు. అయిదో వారు ప్రొఫెసర్ కొండయ్య. కడప వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్నా ఇంకా చిరునవ్వు చెదరని పెద్దమనిషి. ఆయన చీటీ హారికకు పడింది. రిఫరీ హారిక చెయ్యి పైకెత్తాడు. హారిక ముఖం చూస్తే ఎవరో పరాయి చెయ్యి ఎత్తినట్టుంది. నిరోషకు ఏడుపు తన్నుకొచ్చింది.

భూపాల్ సలహా మీద ఆమె ఫిర్యాదు ఇచ్చింది. వెంటనే న్యాయనిర్ణేతల జవాబుదారీతన స్థాయీ సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు డాక్టర్ నాగమణి. పరీక్షల విభాగంలో ఆరితేరిన మనిషి కావడంతో ఆవిడ మొదటి ప్రశ్న సూటిగా వేశారు.

"రీకౌంటింగ్ కావాలా, రీవాల్యుయేషన్ కావాలా?"

"ఏదైతే గెలుస్త మేడం?" అంది నిరోష.

ముందు రీకౌంటింగ్ చేశారు. పది, తొమ్మిది, పది కలిపితే ఇరవై తొమ్మిది. కొండయ్య గారి కూడికలో దోషం లేదు. ఇక రీవాల్యుయేషన్. అందుకు జవాబు పత్రం ఉండాలి. ఫైటు అయిపోయింది కనుక జవాబు పత్రం లేదు. ఉందని భూపాల్ జేబులోంచి ఫోను తీసి, తాను పట్టిన వీడియో చూపించాడు. కమిటీ ఆసాంతం చూసింది. హారిక రెండోసారి కిందపడ్డచోట ఒక సభ్యుడు "అయ్యో" అని కూడా అన్నాడు.

నాగమణి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇది హాల్లో తీసిందేనా?"

"అవ్ మేడం. గాడ్నే, రింగ్ పక్కన నిలవడి తీసిన" అన్నాడు భూపాల్ హుషారుగా.

"హాల్లోకి ఫోను ఎట్ల తెచ్చినారు?"

భూపాల్‌కు మాల్‌ప్రాక్టీస్ కింద మెమో వచ్చింది. సాక్ష్యంలో నిజం ఉన్నదీ లేనిదీ తరువాతి విషయం, అది కాపీ కొట్టి తెచ్చినది కాకూడదని సంఘం అభిప్రాయపడింది.

చివరికి కొండయ్య గారిని పిలిచి సంజాయిషీ అడిగారు. ఆయన దాపరికం లేకుండా చెప్పారు. నిరోష సమాధానాలన్నీ సరైనవేనని, కాకపోతే మరీ క్లుప్తంగా ఉన్నాయని, హారిక ఒక్క ప్రశ్న కూడా వదలకుండా అటెంప్ట్ చేసి, అడిషనల్ షీట్లు కూడా తీసుకుందని.

"సార్, ఆమె రెండుసార్లు కిందవడ్డది గద?" అని నిరోష ఉండబట్టలేక అడిగింది.

"పడింది లేమ్మా, నేను కాదంటినా? పడి లేసింది. ఆ పట్టుదలకు మార్కులు ఎయ్యకుంటే ఎట్ల? నువ్వు ఒక్కసారన్నా పడితివా?"

"లే సార్."

"మరి నీ పట్టుదల నాకెట్ల తెలియాల?"

కమిటీలో తలలు ఊగాయి. నిరోషకు కోపం నషాళానికి అంటింది. కానీ ఆయన అంత ప్రేమగా అడుగుతుంటే చేతులు కట్టుకుని నిలబడింది.

అయినా న్యాయం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. న్యాయనిర్ణేతకు బాక్సింగ్ మీద మరింత అవగాహన అవసరమని తేల్చి, కొండయ్య గారిని పునశ్చరణ తరగతులకు పంపారు. తరగతుల చివర పరీక్ష పెట్టారు. "దెబ్బ అనగానేమి? దాని రకములను సోదాహరణముగా వివరింపుము" అన్న ప్రశ్నకు ఆయన అడిషనల్ షీట్లు తీసుకుని మరీ రాసి, ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. (పేపరు దిద్దినవారు నాగమణి గారు.) ఆ విధంగా ఆయన జవాబుదారీతనం నిర్వివాదంగా రుజువైంది. నిరోషకు కూడా అన్యాయం జరగకూడదు కనుక సప్లిమెంటరీ ఫైటు మంజూరు చేశారు. ఎదుట హారికే, న్యాయనిర్ణేతలూ ఆ అయిదుగురే.

ఫైటుకు ముందు రోజు హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్ ముందు నిలబడి దోశ తింటూ భూపాల్ శిష్యురాలికి ఆఖరి పాఠం చెప్పాడు.

"రేపు కొట్టకు."

"కొట్టకుంటె ఎట్ల గెలుస్త సార్?"

"కొట్టి ఏం పీకినవ్ మొన్న? రాయి. పేజీలు నింపు. నడుమ ఒకపాలి పడు."

నిరోష చట్నీలో వేలు పెట్టి కాసేపు ఆలోచించింది. రెండేళ్ళు తెల్లవారుజామున లేచి నేర్చుకున్నదంతా ఒక్కరోజు పక్కన పెట్టాలంటే మనసు ఒప్పలేదు. ఎస్సై టోపీ గుర్తొచ్చి ఒప్పించింది.

మర్నాడు రింగులో ఆమె విజృంభించింది. గాలిని కుడివైపు నుంచి కొట్టింది, ఎడమవైపు నుంచి కొట్టింది, కొట్టిన చోటే మళ్ళీ కొట్టింది. హారిక చేతులు ముఖానికి అడ్డంపెట్టుకుని ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయింది.

"ఏందే, కొడ్తలేవు?" అంది దగ్గరికొచ్చి గుసగుసగా.

"రాస్తున్ననే. ఆగు, ఇంకో షీటున్నది."

హారికకు నవ్వాగలేదు. పళ్ళకు పెట్టుకున్న రబ్బరు తొడుగు ఊడి కిందపడింది. అదే అదనుగా నిరోష ఎవరూ ముట్టకుండానే వెల్లకిలా పడి, అమితమైన పట్టుదలతో లేచింది. కొండయ్య గారు చప్పట్లు కొట్టబోయి, న్యాయనిర్ణేతనని గుర్తొచ్చి ఆగారు.

అయిదుకు అయిదు చీటీలూ నిరోషకే. రిఫరీ చెయ్యి ఎత్తుతుంటే ఆమెకు కొంచెం సిగ్గేసింది. సిగ్గును మించి సంతోషం వేసింది. హాలు బయటికి రాగానే మేనమామకు ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

వారం తిరక్కుండా జట్టు ప్రకటించారు. ఆమె పేరు లేదు. పరుగున నాగమణి గారి గదికి వెళితే ఆవిడ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా వివరించారు. గెలుపులో ఏ లోపమూ లేదు. కానీ సప్లిమెంటరీలో పాసైనవారు ర్యాంకుకు, పతకానికి, జట్టుకు అర్హులు కారన్నది ఎప్పటినుంచో ఉన్న నియమం. హారికను పంపుదామంటే సప్లిమెంటరీలో ఆమె ఓడిపోయింది.

"అయితే ఎవరు పోతరు మేడం?"

"మీ బరువు విభాగంలో ఎవరూ పోరు. కానీ సీటు వృథా కాకూడదు కదా. వివాదాస్పద తీర్పులలో ప్రత్యక్షానుభవం, వాటిపై శిక్షణ, రెండూ ఉన్నవారు మన దగ్గర ఒక్కరే ఉన్నారు."

ప్రయాణం రోజు కొండయ్య గారు తార్నాక చౌరస్తాలో సూట్‌కేసుతో నిలబడి సికింద్రాబాద్ స్టేషన్‌కు ఆటో కోసం చూస్తున్నారు. అటుగా వెళుతున్న నిరోషను చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"బాగుండావా తల్లీ? మొన్న ఎంత బాగా చేసినావు! మొదటిసారే అట్ల చేసుంటే నాకింత శ్రమ ఉండేది కాదు."

నిరోషకు ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ఉంది. ప్రయత్నించినా రాలేదు. ఆటోను ఆపి, సూట్‌కేసు తనే ఎత్తి లోపల పెట్టింది.

"గాడ గూడ జడ్జేనా సార్?"

"లేదమ్మా, అబ్జర్వర్ని. తీర్పు చెప్పే పనే లేదు. రింగు పక్కన కూర్చోని ఫైటు చూడడమే."

"మంచిగైంది సార్" అంది నిరోష, ఆటో కదులుతుంటే. "ఈసారన్న చూడుండ్రి."