మసి పూసిన మంగవ్వ వేషం

ఆ రోజు పొద్దున్న కేదార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సోమాజిగూడలో విలేకరుల సమావేశం పెట్టి, కీర్తిశేషుడైన చిత్రకారుడు పెంటయ్య జీవితం మీద సినిమా తీస్తున్నామని ప్రకటించాలి. పెంటయ్య భార్య మంగవ్వ అందరి ముందూ "మా ఆయన బొమ్మలు చూపించుకోండి" అని ఒక్క మాట అనాలి. అంటే నిర్మాత బుచ్చిబాబు రంగంలోకి దిగుతాడు. అనకపోతే దర్శకుడిగా కేదార్ తొలి సినిమా అటకెక్కుతుంది, అతగాడు బావ చేర్పించిన అమీర్‌పేట జావా కోర్సులో బుద్ధిగా కూర్చోవాలి.

టిఫిను తింటుండగా బుచ్చిబాబు ఫోను చేశాడు.

"ఏంటండీ కేదార్ గారూ, పేపరు చూశారా? తెలంగాణ చిత్రకారుడి సినిమాలో ఒక్క తెలంగాణ మొహమైనా లేదని ఆ విలేకరి ఏకేశాడు! మంగవ్వ వేషానికి బొంబాయి అమ్మాయేంటంట!"

"మీటింగు టైముకి తెలంగాణ అమ్మాయిని తెచ్చేస్తానండీ," అన్నాడు కేదార్ ఇడ్లీ వదిలేసి.

ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మధులత ఉంటోంది. సిద్దిపేట పిల్ల. నాటకాల్లో బాగా నటిస్తుంది, ఈమధ్య ఉద్యోగం వెతుక్కుంటోంది. కేదార్ పరుగున వెళ్లి ఒప్పించాడు. అక్కడితో ఆగి ఉంటే అందరూ సుఖపడేవారు. కానీ ఇస్త్రీ చుడీదార్‌లో నిగనిగలాడుతూ మెట్లు దిగిన పిల్లను చూడగానే అతని గుండెల్లో రాయి పడింది.

"ఏంటమ్మా, నువ్వసలు తెలంగాణలా లేవు!"

"సిద్దిపేటల పుట్టిన సార్. ఇంకెట్లుండాలె?"

కేదార్ వినే స్థితిలో లేడు. వంటావిడ దగ్గర పాత చీర అడిగి తెచ్చి కట్టుకు రమ్మన్నాడు. మొహానికి నల్లరంగు దట్టించాడు. నడివేసవి అని కూడా చూడకుండా భుజాన గొంగడి కప్పాడు. అప్పటికీ ఏదో వెలితిగా తోచి చేతికో గంప ఇచ్చాడు.

"నేను తెలంగాణ పిల్లనే గద సార్, మల్ల గీ మసి ఎందుకు?"

"తెలంగాణ పిల్లవైతే చాలదమ్మా, అలా కనపడాలి!"

పంజాగుట్ట చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. చెమటకు రంగు కారుతోంది, కేదార్ పూస్తున్నాడు, మళ్లీ కారుతోంది. పక్క ఆటోలోని పెద్దావిడ జాలిపడి గంపలో రూపాయి బిళ్ల వేసింది. వేషం అంత సహజంగా కుదిరినందుకు కేదార్ పొంగిపోయాడు.

హాల్లో మంగవ్వ చిలకపచ్చ పట్టుచీరలో, ముందు వరసలో దర్జాగా కూర్చుని ఉంది.

"గీమె ఎవరు బిడ్డా?"

"మీరేనమ్మా!" అన్నాడు కేదార్ గర్వంగా.

మంగవ్వ లేచి నిలబడింది. విలేకరుల కలాలు ఆగిపోయాయి.

"నేనా? నాట్లేసిన, పేడెత్తిన, అన్ని చేసిన. గని ఆయన నన్ను గీసినప్పుడల్ల పట్టుచీర కట్టిచ్చిండు. ఇంట్ల పట్టుచీర లేనినాడు సుత బొమ్మల కట్టిచ్చిండు. గా చీర గుంజుకునేటందుకు వచ్చిండ్రా మీరు?"

కేదార్‌కి తల కొట్టేసినట్టయింది. నిజంగానే సిగ్గేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మంగవ్వ అతన్ని పట్టించుకోలేదు. కొంగు తడిపి మధులత మొహం తుడిచింది, గడ్డం పట్టుకుని తేరిపార చూసింది.

"పిల్ల మస్తుగున్నది. గీమె చేస్తనే బొమ్మలిస్త. లేకుంటె లేదు."

బుచ్చిబాబు కేదార్‌ని కావలించుకున్నాడు. కేదార్ మధులతకు రెండు చేతులూ జోడించాడు. ఆమె గొంగడి మడిచి ఆ చేతుల మీదే పెట్టింది.

"నేను చెయ్య సార్. మాదాపూర్‌ల కాల్ సెంటర్ నౌకరి ఉన్నది, రేపే చేరుత. అమెరికోళ్లతోని మాట్లాడాలె. ఆడ నా పేరు జెన్నిఫర్ అట."

"పేరే మార్చేస్తారా? ఇదేం న్యాయమమ్మా!" అన్నాడు కేదార్ ఏడుపు గొంతుతో.

"పేరే గద సార్. మొఖానికైతే ఏం పూయరు."