గానుగ మొక్కకు పుట్టినరోజు

మంత్రిగారు పోయిన వానాకాలంలో తమ స్వహస్తాలతో నాటిన గానుగ మొక్కకు ఏడాది నిండుతున్న శుభసందర్భంగా, దాని ప్రథమ జన్మదిన వేడుకలు మొక్క దగ్గరే జరుగుతాయని మరిపెడ చుట్టుపక్కలంతా ఆటోలో మైకు తిరిగింది. మనుషులకు పుట్టినరోజు చేసిన నాయకులు బోలెడు మంది. మొక్కకు చేసిన మహానుభావుడు ఈయనొక్కరే.

మైకు తండా దాకా వచ్చేసరికి తుల్సీబాయి రోడ్డు పక్కన గుంత తవ్వుతున్నది. చేతిలో గడ్డపార ఆగిపోయింది.

వానాకాలం వస్తే ఆమెకు మొక్కలు నాటే కూలిపనే. మొరం నేల, దెబ్బ వేస్తే గడ్డపారే ఎగిరి మీదికొస్తుంది. అరచేతులు బొబ్బలెక్కుతాయి. అయినా ఆ పనంటే ఇష్టమే. ముసురు పడితే అందరూ ట్రాక్టరు డబ్బా కింద దూరి కాల్చిన మక్కకంకులు తినొచ్చు. పక్కింటి రుక్కి నాటిన ప్రతి మొక్కకూ ఒక పేరు పెడుతుంది. "గిది మా అత్త. ఎండదు, పెరగదు" అంటుంది.

ఆ మధ్యాహ్నమే మొక్కల పనులు చూసే అధికారి కైలాసం గారు జీపు దిగారు. అక్కడే రోడ్డు పక్కన మంత్రిగారి పేరున్న బోర్డు ఉంది. బోర్డు కింద గుంత ఉంది. గుంతలో మొక్క లేదు. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

"మొక్కేది?"

"మ్యాక తిన్నదేమో సారూ" అన్నది తుల్సీబాయి.

రుక్కి నోట్లో నువ్వుగింజ నానదు. "అదేందక్కా, మీ వాకిట్ల ఉన్నది గదా!"

నిజమే. పోయినేడు మంత్రిగారు మొక్కను నర్సరీ నుంచి వచ్చిన నల్ల కవరుతో సహా గుంతలో దించేశారు. కవరు చింపకుండా నాటితే వేరుకు దారి లేదు, మొక్క నిలవదు. సంగతి అక్కడున్న నలభై మందికీ తెలుసు. తుల్సీబాయి ఒక్కతే "సారూ, కవరు..." అనబోయింది. "సార్‌కు తెల్వదా?" అని కైలాసం గారు కళ్లెర్రజేశారు. చప్పట్లు మోగాయి. జీపులన్నీ పోయాక ఆమెకు మనసొప్పలేదు. మొక్కను తీసి, కవరు చింపి, తన వాకిట్లో పెట్టుకుంది. బోళ్లు కడిగిన నీళ్లు తాగి అది భుజమెత్తు పెరిగింది.

కైలాసం గారు వెళ్లి ఆ చెట్టుకు దండం పెట్టారు. "దీన్ని తవ్వి ఆడ పెడదాం."

"ఏరు తెగితే చస్తది సారూ."

"రేపు పొద్దుగాల ఫొటో దాకా బతికితే సాలు."

తుల్సీబాయి అడ్డం నిలబడింది. "పిల్ల లెక్క సాదిన. దీని మీద చెయ్యేస్తే మంచిగుండదు. చెట్టు నడ్వదు సారూ, బోర్డు నడుస్తది గదా?"

కైలాసం గారు ఆమెను మొదటిసారి చూసినట్టు చూశారు. గంటలో బోర్డు వచ్చి ఆమె వాకిట్లో నిలబడింది. దాని వెనకే టెంటు, ఎర్ర తివాచీ, పూలదండలు వచ్చాయి. కోళ్లను చుట్టాలింటికి పంపారు. ఆమె భర్త తావుర్యా మంచం వేసుకునే చోట వేదిక లేచింది.

"నేనేడ పండుకోవాలె?" అన్నాడు తావుర్యా.

"చెట్టు బతికింది. నువ్వేడనన్న పండుకో" అన్నది తుల్సీబాయి. ఆ రోజంతా ఆమె మొహం వెలిగిపోయింది.

తెల్లారి మంత్రిగారు వచ్చారు. ఆకు ఆకారంలో చేయించిన కేకు కోశారు. మొదటి ముక్క మొక్క మొదట్లో పెట్టారు. చీమలు పండగ చేసుకున్నాయి. గాలికి కొమ్మ ఊగితే, "చూశారా, నన్ను గుర్తుపట్టింది" అన్నారు. కెమెరాల వాళ్లు ఇంకోసారి గుర్తుపట్టించమన్నారు. రుక్కి వెనకనుంచి కొమ్మ ఊపింది.

అప్పుడు మంత్రిగారి చూపు తుల్సీబాయి రేకుల ఇంటి మీద పడింది.

"పోయినేడు నేను నాటినప్పుడు ఇక్కడ ఇల్లు లేదే?"

కైలాసం గారు బోర్డును చూశారు. ఇంటిని చూశారు. "లేదు సార్."

"అంటే నా చెట్టు పక్కన ఏడాదిలో ఇల్లు లేచింది?"

"లేచింది సార్."

"నలభై ఏండ్ల ఇల్లు సారూ!" అని అరిచింది తుల్సీబాయి.

మంత్రిగారు ముగ్ధులయ్యారు. "నలభై ఏళ్ల నాటి ఇంటిని ఒక్క ఏడాదిలో కట్టేశారు! మన జనం కష్టజీవులయ్యా. కూల్చి ఉసురు పోసుకోవద్దు. మర్యాదగా ఇంకోచోటికి పంపండి. చెట్టుకు గాలి ఆడాలి." ఆ దొడ్డ మనసుకు సభ లేచి నిలబడింది.

వెళ్లబోయే ముందు ఆయన పెద్ద చెట్టుకు తోడుగా ఒక తమ్ముడు మొక్కను కూడా నాటారు. నల్ల కవరుతోనే. చప్పట్లు మోగాయి.

కాయితం సాయంత్రానికే వచ్చింది. ప్రభుత్వం ఇంత వేగంగా కదలడం తావుర్యా తన జన్మలో చూడలేదు. కైలాసం గారే స్వయంగా చదివి వినిపించారు. ఇల్లు పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి. బదులుగా రోడ్డు పక్కన, బోర్డు ఇదివరకు ఉన్న చోట జాగా ఇస్తారు.

"మంచి జాగా తుల్సమ్మా. బస్సు ఆడనే ఆగుతది. గుంజ పాతుకోను గుంత గూడ తవ్వి ఉన్నది."

ఆ గుంత పోయినేడు తవ్వింది తుల్సీబాయే.

జీపు పోయింది. రుక్కి కొడవలి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "అక్కా, తమ్మునికి కవరు తియ్యలే. నాలుగు దినాలల్ల పోతది. తెల్లారకముందే మనం..."

తుల్సీబాయి కొడవలి తీసుకుని చిన్న మొక్క దగ్గర కూర్చుంది. మన్నులోంచి తేలిన కవరు అంచును వేలితో తడిమింది. తర్వాత కొడవలి పక్కన పెట్టి, మొదట్లో మన్నును రెండు చేతులతో గట్టిగా, ఎక్కడా కవరు కనపడకుండా, అదిమింది.

"ఉండనియ్యే రుక్కీ. పెద్ద సారు పెట్టింది పెట్టినట్టే ఉండాలె" అన్నది.