మొదటి సిగ్నల్ దాకా కలిసే వెళ్దాం

మనిషిని ప్రశాంతంగా వదిలేసే సంస్థ ఈ భూమ్మీద ఏదైనా ఉందంటే, అది సైకిల్ క్లబ్ ఒక్కటే!

నవ్వకండి. కాస్త ఆలోచించండి. ఆఫీసులో బాస్ వదలడు. ఇంట్లో ఇల్లాలు వదలదు. క్రెడిట్ కార్డు కావాలా సార్ అని ఫోన్ చేసే అమ్మాయి మనం పోయాక కూడా వదిలేలా లేదు. అంతెందుకు, జలుబు చేస్తే అదైనా వారం దాకా వదులుతుందా? మా క్లబ్ వాళ్లు మాత్రం, చల్లగా ఉండాలి, మొదటి సిగ్నల్ దగ్గరే వదిలేస్తారు!

ఆదివారం తెల్లారకుండానే సైకిళ్లేసుకుని బయల్దేరే ముప్పైమంది వెనకాల నేను చివరివాణ్ణి. చివరివాణ్ణంటే ఏదో ఒక వారం కాలు పట్టేసి వెనకబడ్డవాణ్ణి కాదు. ఆ స్థానంలో స్థిరపడ్డవాణ్ణి. మా క్లబ్బులో ప్రెసిడెంట్ పదవికి కొట్లాట ఉంది, ట్రెజరర్ పదవికి అలకలున్నాయి. నా పదవికి మాత్రం ఇంతవరకూ ఒక్కడూ పోటీ రాలేదు.

మా వాళ్లకో జెర్సీ ఉంది. చిలకపచ్చ రంగు. వీపు మీద ఇంతేసి అక్షరాలతో ‘కలిసి కదులుదాం’ అని నినాదం. గుండె మీద వేసుకోవాల్సిన మాటను వీపు మీద ఎందుకు వేయించారా అని మొదట్లో తలబద్దలు కొట్టుకున్నాను. తర్వాత బోధపడింది. వెనకబడ్డవాళ్లు చదువుకోవడానికి!

నిజం చెప్పొద్దూ, నేను ‘కలిసి’ దాకానే చదవగలిగాను. రెండో మాటకు వచ్చేసరికి ఆ వీపు కాస్తా మలుపు తిరిగిపోతుంది. అది ‘కదులుదాం’ అని ఆ జెర్సీలు కుట్టిన టైలర్ని అడిగి తెలుసుకున్నాను. నీ జెర్సీ మీద చూసుకోవచ్చుగా అంటారేమో! నా నడుముకు సరిపడేది ఇంకా కుట్టలేదండీ.

మా కెప్టెన్ పళ్ల డాక్టరు. మనిషి బంగారం. నోరు తెరిచి కూర్చున్నవాళ్లతో గంటలకొద్దీ ఓపిగ్గా మాట్లాడతాడు. కానీ సైకిలెక్కాడంటే ఆయన చూపంతా హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ మీదే. అందులో ఓ యాప్. అది స్పీడ్ ఎంతో, యావరేజ్ ఎంతో చెబుతుంది. ఓసారి చనువు తీసుకుని అడిగాను, “డాక్టరుగారూ, వంతెన పైన ఒక్క నిమిషం ఆగితే అందుకుంటాం కదండీ?”

“ఆగితే యావరేజ్ పడిపోతుందండీ!” అన్నాడాయన. ఇంట్లో ముసలాయనకు బీపీ పడిపోతోందన్నంత కంగారుగా!

నాకు జాలేసింది. మా ఊళ్లో మేకలు కాసే మావయ్య గుర్తొచ్చాడు. మందలో ఒక మేక కుంటుతుంటే మంద మొత్తాన్నీ ఆపేసి, చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. పాపం, చదువులేనివాడు. యావరేజ్ సంగతి ఆయనకేం తెలుసు!

వెనకబడటం వల్ల కలిగే లాభాలు ఒకటా రెండా? కాఫీ సంగతే చూడండి. దారిలో ఒక బడ్డీ ఉంది. మా వాళ్లు ముందే చేరుకుని, కాఫీ తాగి, కాళ్లు చాపుకుని, నడుములు వాల్చి, ఎండ ఎక్కుతోందనుకునే వేళకు నేను ఆయాసపడుతూ చేరతాను. “రండి రండి, మీకోసమే ఆగాం!” అంటూ అందరూ సైకిళ్లెక్కేస్తారు. అలసిపోనివాళ్లకు విశ్రాంతి, అలసిపోయినవాడికి ఆహ్వానం! ఈ రకంగా నాకు కాఫీ అలవాటు పూర్తిగా తప్పింది. కాఫీ వాసనే ఎరగని మా తాతలా తయారయ్యాను.

ఇక కుక్కలు. ముందు వెళ్లిన ముప్పైమందీ బెల్లులు కొట్టుకుంటూ, కేకలేసుకుంటూ వీధి కుక్కల్ని నిద్ర లేపుతారు. అవి లేచి, ఒళ్లు విరుచుకుని, ఎవడ్రా అది అని చూసేసరికి రోడ్డు మీద నేనొక్కణ్ణే ఉంటాను. నాకు క్లబ్బులో కోచ్ లేడని ఎవరన్నారు? నలుగురున్నారు. అందులో నల్లటిది చాలా స్ట్రిక్టు!

ఇంత సుఖం నేనొక్కణ్ణే అనుభవిస్తే బాగుండదని మా బావను కూడా ఇందులోకి లాగాను. అదే నేను చేసిన ఘనకార్యం.

మా బావకు ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపుంది. ఒకప్పుడు నాకంటే బాగా తొక్కేవాడు. నాకంటే అంటే మీకు పెద్ద గొప్పగా కనిపించకపోవచ్చు, వదిలేయండి. మోకాలి ఆపరేషన్ అయ్యాక సైకిల్ బాల్కనీలో చేరింది. దాని మీద మా అక్క దుప్పట్లు ఆరేయడం మొదలెట్టింది. బావ సోఫాలో చేరాడు.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. “ఒరే, మీ బావను బయటికి తీసుకెళ్లరా. మోకాలి డాక్టరు తొక్కమన్నాడు. ఈయనేమో కదలడు. టీవీలో వార్తలు చదివేవాళ్లతో పోట్లాట పెట్టుకుంటున్నాడు. నిన్న ఆ అమ్మాయి వాతావరణం చెబుతుంటే, నీకేం తెలుసు కూర్చోమన్నాడు.”

“నువ్వు చెప్పొచ్చుగా అక్కా?”

“నేను చెబితే వినే మనిషైతే నీతో పనేముంది?”

బావ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. “ఒక్కసారి వస్తాను. నావల్ల నలుగురూ ఇబ్బంది పడ్డారనుకో, మళ్లీ సైకిల్ ముట్టుకోను. నువ్వు బతిమాలకూడదు, మీ అక్క ఏడవకూడదు.”

కబురు క్లబ్ గ్రూపులో పడగానే చూడాలి సంబరం! చప్పట్ల బొమ్మలు, దండం బొమ్మలు. నేను బావా అంటాను కాబట్టి క్లబ్ మొత్తానికీ ఆయన బావగారే. ముప్పైమంది తమ్ముళ్లు ఎప్పుడు పుట్టారే అని మా అక్క వాళ్లమ్మను అడిగింది కూడా. వాళ్లమ్మంటే మా అమ్మేలెండి. ‘బావగారికి స్వాగతం’ అని ఒక బ్యానర్ కొట్టించారు. రిజర్వాయర్ గేటు దగ్గర సన్మానం అన్నారు.

ఆదివారం రానే వచ్చింది. కెప్టెన్ హెల్మెట్ తీసి మరీ ప్రకటించాడు. “ఇవాళ రేసు లేదు, గీసు లేదు. బావగారి స్పీడే మన స్పీడ్!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అయ్యేసరికే ముందున్న పదిమంది వీధి చివరికి చేరారు. మొదటి సిగ్నల్ దగ్గర మాకు ఎర్ర లైటు పడింది. పచ్చ లైటు వచ్చేసరికి, చూపుమేరలో చిలకపచ్చ అన్నది లేదు.

బావ కొంతదూరం తొక్కాడు. తర్వాత అడిగాడు. “ఏరా, వీళ్లంతా ఎవరికి స్వాగతం చెప్పడానికి పోతున్నార్రా?”

“నీకే బావా.”

“నేనిక్కడున్నాను కదా?”

“అక్కడ చెబుతారు.”

వంతెన ఎక్కుతుంటే ఆయన మోకాలు మొరాయించింది. పిట్టగోడ పక్కన దిగి నిలబడ్డాం. నేను నీళ్ల సీసా అందిస్తుండగా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. గ్రూపులో ఫొటో! రిజర్వాయర్ గేటు, పైన బ్యానర్, కింద ముప్పైమంది, ముప్పై బొటనవేళ్లు. ఎవరికి వారు, బావగారు ఇంకెవరి పక్కనో ఉండే ఉంటాడనుకున్నారన్నమాట. కింద అభినందనలు జలజలా రాలుతున్నాయి. ‘మీరే మాకు స్ఫూర్తి బావగారూ!’ ‘ఈరోజు దుమ్ము లేపారు!’ ఇన్సూరెన్స్ చేయించే పెద్దమనిషి ఒకాయన అయితే ‘ఫొటోలో పదేళ్లు తగ్గారు సార్’ అని రాశాడు.

అయిపోయింది, ఇక సైకిల్ బాల్కనీకి, బావ సోఫాకి అనుకున్నాను. ఆయన ఫొటోను దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని, షాపులో చూసినట్టే చూశాడు.

“తీసినవాడెవడో గానీ బాగా తీశాడు. ఇదిగో, ఈ ఇద్దరి మధ్య కాస్త ఖాళీ ఉంది చూశావా? ఒళ్లు తగ్గించుకుంటే పడతాను.”

మేం గేటు చేరేసరికి అక్కడ బ్యానర్ ఒక్కటే గాలికి ఊగుతోంది. వాచ్‌మన్ ఎదురొచ్చాడు. “అయ్యో, కొంచెంలో తప్పిపోయారే! ఎవరో బావగారట, మహానుభావుడట. తెగ పొగిడారు. ఇప్పుడే వెళ్లారు.”

“ఆయనెప్పుడూ అంతేనండీ,” అన్నాడు బావ. “నాకు అందడు.”

ఇంటికొచ్చాక సైకిల్ తీసుకెళ్లి బాల్కనీలో పెట్టాడు. మర్నాడు వెళ్లి చూస్తే దాని మీద దుప్పటి ఉంది. అక్క నావంక చూసిన చూపు గురించి రాయాలంటే ఇంకో కాలమ్ కావాలి.

కానీ బావ షాపులో ఏదో పని పెట్టుకున్నాడు. ఆ ఫొటోను పెద్దదిగా ప్రింట్ తీయించాడు. టేకు ఫ్రేము, బంగారు అంచు. పెళ్లి ఫొటోలకు కూడా అంత శ్రద్ధ చూపించగా నేను చూడలేదు. తీసుకెళ్లి కెప్టెన్‌కు బహుమతిగా ఇచ్చాడు. కెప్టెన్ కళ్లు చెమర్చాయి. పేషెంట్లు పడుకునే కుర్చీకి సరిగ్గా ఎదురుగా తగిలించాడు.

అక్కడ కూర్చున్నవాళ్లంతా దాన్ని చూస్తూనే ఉన్నారు. కానీ అడగడమెలా? నోరు డాక్టరు చేతిలో ఉందాయె! అలా చాలా రోజులు గడిచింది. చివరికి కట్టుడుపళ్లు పెట్టించుకున్న ఒక పెద్దావిడ, కొత్త పళ్లు సరిచూసుకోవడానికన్నట్టు, మొట్టమొదట పలికిన మాట ఇదట. “ఇందులో బావగారెవరు నాయనా?”

“ఇదిగోనమ్మా...” అంటూ కెప్టెన్ వేలు పెట్టాడు. వేలు ముందు వరస మీద నడిచింది. వెనక వరస ఎక్కింది. మళ్లీ ముందు వరసకు దిగింది. బ్యానర్ కింద ఆగిపోయింది.

ఆ సాయంత్రం షాపుకు ఫోనొచ్చింది. నేనక్కడే ఉన్నాను. కెప్టెన్ గొంతు పళ్లు పీకించుకున్నవాడిలా ఉంది. “బావగారూ... ఆ ఫొటోలో మీరు... ఎక్కడున్నారండీ?”

“వంతెన మీదున్నానండీ,” అన్నాడు బావ, మేకు కొడుతూనే. “వచ్చేస్తున్నాను.”

“ఈ ఆదివారం మేం కూడా అక్కడే ఉంటాం,” అన్నాడు కెప్టెన్.

అక్క దుప్పటి తీసేసింది.

పాఠకులారా, వెనకబడటం వరమని ఇంతసేపూ మీకు చెప్పుకుంటూ వచ్చాను. ఆ వరాలన్నీ మొన్న ఆదివారం ఒక్క దెబ్బతో పోయాయి! కుక్కలు ముప్పైఇద్దర్నీ ఒకేసారి చూసి, ఎవర్ని తరమాలో తేల్చుకోలేక పడుకున్నాయి. బడ్డీ దగ్గర నాకు కాఫీ దొరికింది, వేడిగా. ఇప్పుడు ఆ అలవాటు మళ్లీ అంటుకుంటే ఎవరిది బాధ్యత?

వంతెన ఎక్కుతుంటే చూశాను. పైన కెప్టెన్ ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడి ఉన్నాడు. అంతే. ఒక్క కాలు నేల మీద పెట్టాడు. దానికి గేర్లు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. ఇన్నేళ్లూ నేను అడిగింది అదే.

“ఏమండీ, ఆగిపోయారేం?” కింద నుంచి బావ కేకేశాడు. “యావరేజ్ పడిపోతుంది!”

“పడనివ్వండి బావగారూ, లేపేదేదో తర్వాత లేపుకుందాం!” అన్నాడు కెప్టెన్, అటు తిరిగి నీళ్లు తాగుతూ.

అటు తిరిగాడు కదా, ఆ చిలకపచ్చ వీపు నా కళ్లెదుట కదలకుండా నిలబడింది. తీరిగ్గా రెండో మాట కూడా చదివాను. టైలర్ అబద్ధం చెప్పలేదు.