తెరిచిన దుకాణం మూసి ఉన్న కేసు

ఈ భూమ్మీద నేరం చేసి తప్పించుకోవాలనుకునే వాళ్ళకు ఒకే ఒక్క అడ్డు ఉంది. ఆ అడ్డు పేరు డేగకన్ను. అతని చూపు పడిందంటే గోడ వెనక నక్కిన దొంగ తనంతట తానే వచ్చి చేతులు చాచి బేడీలు వేయించుకోవలసిందే. ఇంతవరకు అతను చేపట్టి, ఛేదించకుండా వదిలిన కేసు ఒక్కటంటే ఒక్కటి లేదు.

చేపట్టిన కేసు కూడా ఇదే మొదటిదనుకోండి. అది వేరే సంగతి.

డేగకన్ను అనే బిరుదు ఎవరూ ఇవ్వలేదు, తనకు తనే తగిలించుకున్నాడు. కళ్ళజోడు తీస్తే ఎదురుగా ఉన్నది ఎద్దో, ఎదురింటాయనో పోల్చుకోలేడు. ఉద్యోగం బస్సు డిపోలో, ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లు భద్రపరిచే గదిలో. ఎవరైనా గొడుగు పోయిందని వస్తే ఆ గొడుగేదో చేతిలో పెట్టి పంపక, ‘వాన వెలిశాక మీరు ఎక్కడున్నారు? సాక్షులెవరైనా ఉన్నారా?’ అని నిలదీసేవాడు. జనం విసిగి కొత్త గొడుగు కొనుక్కునేవారు.

అతని అక్క దర్జీ. ఆమె కత్తిరించి కుట్టేది, ఆమె భర్త గుండీలు వేసి ఇస్త్రీ చేసేవాడు. వాళ్ళ దుకాణానికి ఒక వెబ్‌సైటు కూడా ఉండేది. ఆ మధ్య మణికట్టు నొప్పితో కత్తెర పట్టలేక, ఇక నావల్ల కాదని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ‘దుకాణం మూసేశాం, ఇన్నాళ్ళ మీ ఆదరణకు కృతజ్ఞతలు’ అని అందులో అక్కే రాసింది. తరవాత నొప్పి తగ్గింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే గోడలు కరవడానికొచ్చాయి. మళ్ళీ దుకాణం తెరిచి, వెబ్‌సైటు డాష్‌బోర్డులోకి వెళ్ళి ఆ మాట చెరిపేసి, ‘తెరిచే ఉంది, రండి’ అని రాసింది. డాష్‌బోర్డంటే వెబ్‌సైటుకు పెరటి గుమ్మం లాంటిది, ఇంటివాళ్ళు అందులోంచి వెళ్ళి లోపల సర్దుకుంటారు. అది పచ్చటి అక్షరాలతో ‘మార్పు భద్రమైంది’ అంది. అక్క నమ్మింది.

ఆ రోజు మధ్యాహ్నం నాటక సమాజం కార్యదర్శి ఫోను చేశాడు.

“అమ్మా, దుకాణం ఎత్తేశారట కదా.”

“ఎవరన్నారు నాయనా? మిషను ముందు కూర్చునే మాట్లాడుతున్నాను.”

“మీ వెబ్‌సైటే అంటోంది. మీ మాట నేను నమ్ముతానమ్మా, కమిటీ నమ్మొద్దూ? అయిదింటికి కూర్చుంటున్నాం. అందరూ ఫోన్లు తీసి చూస్తారు. మూసేసిన దుకాణానికి రాజుగారి అంగీ నుంచి భటుల లాగుల దాకా ఇద్దామని ఏ నోరు పెట్టుకుని అడగను?”

అక్క మిషను ముందునుంచి లేచింది. ఏటేటా ఆ నాటకాల బట్టలే దుకాణానికి ఊపిరి. అవి కాస్తా చేజారితే ఆ పాత నోటీసు నిజమై కూర్చుంటుంది. భర్త ఫోనులో చూసింది. మూసేశాం, కృతజ్ఞతలు. దుకాణం కంప్యూటరులో చూసింది. తెరిచే ఉంది, రండి. మళ్ళీ రాసింది, మళ్ళీ భద్రమైంది, ఫోను మళ్ళీ కృతజ్ఞతలే చెప్పింది.

వెబ్‌సైటు తయారుచేసింది మేనకోడలు, డేగకన్ను కూతురు. ఆ పిల్ల టీచరు, పరీక్షల కాపలాలో ఉండి ఫోను కట్టేసింది. కూతురు దొరక్కపోతే తండ్రి దొరుకుతాడు కదా. దొరికాడు, అదే వచ్చిన చిక్కు. డేగకన్ను మండుటెండలో వానకోటు తొడుక్కుని దిగాడు.

“ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. ఈ గదిలో నేరం జరిగింది.”

“ముందు ఆ గుడ్డ మీంచి కాలు తియ్యి” అంది అక్క.

కాలు తీశాడు. “ఆ వెబ్‌సైటును చివరిసారి ప్రాణాలతో చూసిందెవరు?”

“నేనేరా. ఇప్పుడూ చూస్తున్నాను. ఇందులో బాగానే ఉంది, ఫోన్లలోనే చచ్చింది.”

డేగకన్ను తన ఫోను తీసి చూశాడు. కృతజ్ఞతలు. “నా ఫోను కూడా శత్రువుకు అమ్ముడుపోయిందన్నమాట. సరే. ఆ మూసేశాం అన్న మాట మొదట రాసిందెవరు?”

“నేనే.”

“ఎవర్ని కాపాడటానికి ఈ త్యాగం, అక్కా? నిజం చెప్పు. ఎవడో నీ చేతిరాతను అచ్చుగుద్దినట్టు దించాడు.”

“అది చేతిరాత కాదురా, టైపు.”

“అంతటి ఘనుడన్నమాట.”

వెనక గదిలోంచి బావ గొంతు వినిపించింది. “ఏమోయ్ బావమరిదీ, మీ అక్కకు అసలే మనసు బాగాలేదు. నీ పరిశోధన గొడుగుల మీద చేసుకోరాదూ.”

“అనుమానితులు మధ్యలో మాట్లాడకూడదు బావా” అని డేగకన్ను డాష్‌బోర్డు ముందు కూర్చున్నాడు. “ఇంట్లో ప్రతి గదీ వెతకాలి. తెరువక్కా.” అక్క ఒక్కో మాట మీదా నొక్కుతూ పోయింది. ఫొటోలు. రంగులు. ఆ తరవాత ‘పేజీ నకలు ఎంతకాలం ఉంచాలి’ అని ఒక వరుస, పక్కన ‘ఒక సంవత్సరం’, కింద ‘నకళ్ళు తుడిచెయ్యి’ అని ఒక బటను.

“ఈ సంవత్సరం ఎవరు పెట్టారు?”

“నేనే. గంటా, రోజా, వారమా, సంవత్సరమా అని అడిగింది. మనం కుట్టులోపల గుడ్డ వదులుతాం చూడు, మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. ఎక్కువుంటే ఏం పోయింది, తక్కువైతేనే తంటా అని అన్నిటికన్నా పెద్దది పెట్టాను.”

“మంచిపని చేశావు. దీనికీ కేసుకూ సంబంధం లేదు” అన్నాడు డేగకన్ను. అంతలోనే బుర్రలో మెరుపు మెరిసి లేచి నిలబడ్డాడు. “పట్టేశాను. కంప్యూటరులో తెరిచిన దుకాణం, ఫోనులో మూసిన దుకాణం. అంటే దుకాణాలు రెండు. ఈ చుట్టుపక్కలే మన బోర్డు పెట్టుకుని ఒక నకిలీ దుకాణం నడుస్తోంది. నేను మారువేషంలో వెళ్తున్నాను.”

మారువేషం అంటే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోవడం. అక్క ఆపేలోపే వీధినపడ్డాడు. గోడలు తడుముకుంటూ వీధి మలుపు తిరిగి, పక్క సందులో దూరి, ఒక గుమ్మం కనిపిస్తే తొంగిచూశాడు. వెంటనే అక్కకు ఫోను కొట్టాడు.

“దొరికిందక్కా. అచ్చం మన దుకాణమే. గుడ్డలు కూడా మనవే ఎత్తుకొచ్చారు. లోపల పొగ. పొగలో తలకు ముసుగు కట్టుకుని ఒకడు, చేతిలో ఇనప ఆయుధం.”

ఆ మాటలు అక్కకు ఒకసారి ఫోనులోంచీ, ఒకసారి వెనక తెర అవతలి నుంచీ వినిపించాయి.

“ఆయుధం కాదోయ్, ఇస్త్రీపెట్టె” అన్నాడు బావ తలకు కట్టుకున్న తువ్వాలు విప్పుతూ. “కాలుతుంది, అవతలికి జరుగు. దొడ్డిదారిన వస్తే సొంత అక్క దుకాణం కూడా ఆనవాలు తెలియదా నీకు?”

డేగకన్ను తెర తొలగించుకుని ముందుగదిలోకి వచ్చేసరికి అక్క కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. “ఒరేయ్, నాకు నవ్వు రావడం లేదురా” అంది. “అయిదు కావస్తోంది. ఈ బట్టలు పోతే దీనికి నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టెయ్యడమే.”

అది విన్నాక డేగకన్ను గొంతులోంచి డిటెక్టివ్ దిగిపోయి తమ్ముడు మాత్రమే మిగిలాడు. “ఇంకొక్కసారి చూస్తానక్కా. వేలిముద్రలు మిగిలే ఉన్నాయిగా.”

గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కలు నాలుగు తీసుకుని ఇస్త్రీబల్ల మీద నూరాడు. ఆ పొడి తెచ్చి కీబోర్డు మీదా మౌసు మీదా ధారాళంగా చల్లాడు. తన ముద్రలు పడకుండా మౌసును చేతిరుమాలుతో పట్టి పైకెత్తబోయాడు. అది టిక్కుమంది. తెర మీద ఒక పెట్టె లేచి, ‘నకళ్ళన్నీ తుడిచెయ్యమంటారా?’ అని అడిగింది. కళ్ళజోడు జేబులోనే ఉండటం వల్ల ఆ ప్రశ్న అతనికి కనిపించలేదు. ముద్రలు వాసనతోనైనా పట్టాలని కీబోర్డు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు.

సుద్దపొడి ముక్కులోకి వెళ్ళింది. ఆ తుమ్ముకు గోడకు వేలాడుతున్న లాగులు గాలిపటాల్లా లేచాయి. బావ పట్టుకున్న ఇస్త్రీపెట్టె చల్లారింది. డేగకన్ను నుదురు వెళ్ళి సరిగ్గా ‘ఎంటర్’ మీద కొట్టుకుంది.

“తల పగిలిందా?” అంది అక్క.

“ఇదిగో” అన్నాడు బావ. అతను మాట్లాడుతున్నది తల గురించి కాదు. ఫోను ఆమె ముందు పెట్టాడు. ‘తెరిచే ఉంది, రండి.’

కాసేపటికి పరీక్షలు ముగించుకుని మేనకోడలే ఫోను చేసింది. అంతా విని, “అత్తా, దాన్ని క్యాష్ అంటారు” అంది. “డబ్బు కాదులే. పేజీని ప్రతిసారీ కొత్తగా తయారుచెయ్యకుండా ఒక నకలు తీసిపెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా అదే చూపిస్తుంది. దుకాణం ముందు బొమ్మకు తొడిగిన చొక్కా లాంటిది. నువ్వు లోపల ఎన్ని కొత్తవి కుట్టినా వీధిలో వాళ్ళకు కనిపించేది ఆ పాతదే. పెరటి గుమ్మంలోంచి వెళ్తావు కనక నీకొక్కదానికే కొత్తది కనిపించింది. సంవత్సరం పెట్టావా? గంటకు మార్చు.”

“కుట్టులో గుడ్డ ఎక్కువ వదలడం కూడా తప్పేనటే?”

“ఇక్కడ బిగుతుగానే కుట్టాలి అత్తా. నాన్నేం చేస్తున్నారు?”

“నుదుటికి చన్నీళ్ళ గుడ్డ వేసుకుని, ముద్రలకు భయపడి ముఠా పారిపోయిందని మీ మామయ్యకు చెబుతున్నాడు.”

అయిదు దాటాక కార్యదర్శి ఫోను వచ్చింది. “కమిటీ చూసిందమ్మా. కొలతలకు ముందు రాజుగారిని పంపనా, భటులను పంపనా?”

“భటులను పంపు నాయనా” అంది అక్క. “రాజుగారి పొట్ట పూటకో తీరు, ఆయన్ని ఆఖరున చూద్దాం.” అని ఫోను పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని కత్తెర అందుకుంది.

ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్కటి. తుమ్ము నిజం, లాగులు లేవడం నిజం, చల్లారిన ఇస్త్రీపెట్టె అంతకన్నా నిజం. ఆ ఫోను మాత్రం ఆ సాయంత్రం రాలేదు. కమిటీలో వాదనలు తెగక, మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. అంతసేపు అక్కను ఫోను పక్కన కూర్చోబెట్టడానికి నాకు చేతులు రాలేదు. చెప్పేది నేనే కదా అని ఒక పూట ముందుకు లాగాను.